ఆదర్శమా, ఆచరణా: రాజకీయ వాదనను తూచే ఒక పద్ధతి

రాజకీయ చర్చ గుంటూరు బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర మొదలైనా, విజయవాడలో ఏదో ఒక గ్రంథాలయం మెట్ల మీద మొదలైనా, అరగంట గడిచేసరికి రెండు వాక్యాల దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఒకరు “అవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయండీ, జరిగే పని కాదు” అంటారు. రెండవవారు “అందరూ మీలాగే సర్దుకుపోబట్టే మన బతుకులు ఇట్లా ఉన్నాయి” అంటారు. ఆ తరువాత ఎవరి టీ డబ్బులు వారు ఇచ్చుకోవడమే మిగులుతుంది.

ఆ రెండు వాక్యాలను దాటి ఒక రాజకీయ ప్రశ్నను ఆదర్శం వైపు నుంచీ ఆచరణ వైపు నుంచీ తూచుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. నెలకొకసారి పదిమందిమి ఒక మేడ మీద కూర్చుని చదువుకునే అలవాటు కొన్నేళ్లుగా ఉండటం వల్ల, ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది మాటల పోరుగా మారుతుందో కొంత తెలిసింది. వక్తృత్వ పోటీకి సిద్ధపడే విద్యార్థికీ, అధ్యయన బృందం నడిపేవారికీ, ఒంటరిగా సంపాదకీయాలు చదువుకునేవారికీ ఇది పనికిరావచ్చు. కావలసినవి ఒక తెల్లకాగితం, గంటన్నర సమయం, ఒక నిజమైన ప్రశ్న. ఆదర్శం గొప్పదా, ఆచరణ గొప్పదా అని తెల్లవార్లూ మాట్లాడినా ఏమీ తేలదు. ఫలానా వాగు ఒడ్డున ఉన్న ఇళ్లను ఏం చేయాలి అని అడిగితే మాత్రం తేలే అవకాశం ఉంటుంది.

ముందుగా మాటల సంగతి

ఇంగ్లీషులో ఐడియలిజం అన్న ఒకే మాట మోసే బరువును తెలుగులో రెండు మాటలు మోస్తున్నాయి. పదార్థం కంటే భావమే మూలమనే తత్త్వశాస్త్ర సిద్ధాంతాన్ని భావవాదం అంటాము, దానికి ఎదురు భౌతికవాదం. సమాజం ఎలా ఉండాలో ముందే ఒక ఉన్నత లక్ష్యాన్ని పెట్టుకుని, దానిని బట్టి నడవాలనడం ఆదర్శవాదం. విజయవాడ, తెనాలి ప్రాంతాలలో వామపక్ష రాజకీయ తరగతులకు వెళ్లినవారికి భావవాదం అన్నది దాదాపు తిట్టుతో సమానం. ఆ అలవాటు కొద్దీ వారిలో కొందరు ఆదర్శం మాట ఎత్తినవారినందరినీ భావవాదులని కొట్టిపారేస్తారు. వర్గరహిత సమాజమనే తమ లక్ష్యం ఎంత పెద్ద ఆదర్శమో ఆ క్షణంలో వారికి గుర్తుండదు. పరలోకం మాట ఎత్తనివారూ ఆదర్శవాదులు కావచ్చుననడానికి విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రాన్ని నడిపిన గోరా దగ్గరి ఉదాహరణ. దేవుడిని ఒప్పుకోని ఆయనే పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలని కోరుతూ 1961-62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా నడిచారు. కాబట్టి చర్చ మొదలుపెట్టేటప్పుడే ఏ అర్థంలో ఏ మాట వాడుతున్నారో కాగితం పైభాగాన రాసుకోవాలి.

రెండవ చిక్కు ఆచరణవాదం గురించినది. దీనినే కొందరు కార్యసాధకవాదం అని కూడా అంటారు. వాడుకలో ఇది అవకాశవాదానికి మర్యాదైన పేరుగా మారిపోయింది. అసలు అమెరికాలో పియర్స్, విలియం జేమ్స్, జాన్ డ్యూయీ పెంచిన తత్త్వం ప్రకారం ఒక భావం విలువ అది ఆచరణలో తెచ్చే పర్యవసానాలలో తెలుస్తుంది. ఆదర్శం కూడా పరీక్షకు నిలబడవలసిన ప్రతిపాదనే. 1913 నుంచి 1916 దాకా కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేడ్కర్ ఆ డ్యూయీ దగ్గర పాఠాలు విన్నారు. ప్రజాస్వామ్యం ఒక ప్రభుత్వ రూపంతో ఆగిపోదు, అది మనుషులు కలిసి జీవించే విధానం అని 1936లో కుల నిర్మూలన గురించి రాసినప్పుడు అంబేడ్కర్ పలికింది గురువు నుంచి తెచ్చుకున్న మాటే. ఆయనకు మించిన ఆదర్శవాది ఎవరో, ఆయనకు మించిన కార్యసాధకుడు ఎవరో చెప్పమంటే నాకు కష్టమే.

ఆచరణవాదినీ అవకాశవాదినీ వేరుచేయడానికి ఒక ప్రశ్న చాలు: “ఏం జరిగితే మీరు ఈ పద్ధతిని మార్చుకుంటారు?” ఆచరణవాది ఫలానా ఫలితం ఫలానా నాటికి రాకపోతే మార్చుకుంటానని చెప్పగలడు. అవకాశవాదీ మార్చుకుంటాడు, కానీ ఎప్పుడో ముందుగా చెప్పలేడు, ఎందుకంటే అతని కారణం గాలివాటంలో ఉంటుంది.

కాగితం మీద నాలుగు గడులు

కాగితాన్ని నాలుగు గడులుగా గీసి, వాటికి గమ్యం, మార్గం, గడువు, భారం అని పేర్లు పెట్టాలి. ఎక్కడికి చేరాలి, ఏ దారిన చేరాలి, ఎప్పటిలోగా చేరాలి, ఆ మధ్యకాలంలో కష్టం ఎవరు మోస్తారు అన్నవి వరుసగా ఆ గడులలో పడతాయి. ఏ వాదనైనా ముందు ఈ గడులలోకి విడగొట్టి, ఆ తరువాతే మంచిచెడ్డలు మాట్లాడాలి. సాధారణంగా ఆదర్శవాది మొదటి గడిని నింపి పెన్ను కింద పెడతాడు, ఆచరణవాదినని చెప్పుకునేవాడు రెండవ గడితో మొదలై రెండవ గడితోనే ముగిస్తాడు. మూడు, నాలుగు గడులు ఇద్దరి కాగితాలలోనూ ఖాళీగా కనబడతాయి.

మన ఊళ్లలోనే జరిగిన సంగతితో దీనిని చూపించవచ్చు. ఏడాదిలో స్వరాజ్యం అన్న గాంధీ మాట దేశమంతా మారుమోగుతున్న రోజులలో, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమయింది. పింగళి వెంకయ్య జెండా నమూనా ఇచ్చిన సందర్భంగా అది మనకు గుర్తుండిపోయింది కానీ, ఈ చర్చకు ఆ సమావేశం చేసిన తీర్మానం ఎక్కువ ముఖ్యం. జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, కోటి మందిని సభ్యులుగా చేర్చాలి, 20 లక్షల చరఖాలు ఇళ్లలో తిరగాలి. గమ్యం ఆకాశంలో ఉంది. మార్గం, గడువు మాత్రం కిరాణా కొట్టు చిట్టాలాగా లెక్కకు అందేటట్లు ఉన్నాయి. ఇది ఆదర్శవాదమా, ఆచరణవాదమా అని అడిగితే గడి గడికీ జవాబు మారుతుంది. ఆ రెండూ మనుషులకు అతికించే పేర్లుగా కంటే, ఒకే నిర్ణయంలో ఉండే పాళ్లుగా చూస్తే పనికొస్తాయని మా బృందానికి ఈ ఉదాహరణతోనే తెలిసింది.

నాలుగవ గడి సంగతి కొద్ది నెలలకే గుంటూరు జిల్లాలో బయటపడింది. 1922 జనవరి నాటికి పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగంలో) పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానుకున్నారు, గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు, శాంతిసేన ఊరూరా కాపలా కాసింది. ప్రభుత్వం జప్తులకు దిగినా ఊళ్లు లొంగలేదు. ఇలాంటి ఉద్యమానికి పెట్టిన షరతులు అక్కడ నిజంగా నెరవేరాయా అన్న సందేహం గాంధీకి ముందునుంచీ ఉండేది. కొండ వెంకటప్పయ్యకు రాసిన లేఖలో ఆ సందేహం వ్యక్తం చేశారు. ఫిబ్రవరిలో ఆంధ్ర నాయకులు శిస్తు నిరాకరణను విరమించారు. చౌరీచౌరాలో 22 మంది పోలీసులు చనిపోయిన తరువాత, అదే నెల బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం చేసిన తీర్మానంతో దేశమంతటికీ శాసనోల్లంఘన ఆగిపోయింది.

ఇక్కడ ఆదర్శవాది ఎవరు? అహింస కోసం, గెలుస్తున్నట్లు కనబడిన పోరాటాన్ని ఆపించినవారు ఆదర్శవాదులని తేలికగా అనేస్తాము. అయితే హింస మొదలైతే అణచివేయడానికి ప్రభుత్వానికి సాకు దొరుకుతుందన్న అంచనా అచ్చంగా ఆచరణ లెక్క. అటువైపు, మా ఊళ్లో హింస లేదు, శిస్తు ఆగింది, ఇంకేం కావాలి అని అడిగిన రైతుది ఆచరణ వాదనలాగా వినిపిస్తుంది కానీ, సొంత ఆస్తి జప్తుకు పెట్టి నిలబడినవాడిని ఆదర్శవాది అనకుండా ఎలా ఉండగలం? విరమణ సరైనదే కావచ్చునని నేను ఒప్పుకుంటాను. కానీ ఉద్యోగాలు వదులుకున్న కరణాల, మునసబుల గతి ఏమిటన్న ప్రశ్న ఆ నిర్ణయం కాగితంలో నాలుగవ గడికి ఎక్కినట్లు నాకు కనబడదు.

ఎవరికి ఆచరణ?

“ఇది ఆచరణ సాధ్యం కాదు” అన్న వాక్యం వినగానే “ఎవరికి?” అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న ఎంత పని చేస్తుందో మద్యనిషేధం చరిత్ర చూపిస్తుంది.

రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలని చెబుతుంది. అది ఆదేశిక సూత్రాలలో ఒకటి కాబట్టి దానిని అమలు చేయమని కోర్టుకు వెళ్లడానికి వీలులేదు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా అమలుకు వచ్చిన నిషేధం 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. నిషేధం విఫలమయిందనీ, ఎత్తివేయాలనీ దాని అమలును పరిశీలించిన రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం అందుకు సిద్ధపడలేదు. కల్లుగీత మీద బతికే కుటుంబాల గోడు శాసనసభలోకి వచ్చింది, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. ఒక ఆదర్శం మీద ప్రభుత్వం పడిపోవడం మన రాజకీయాలలో అరుదు కాబట్టి ఈ ఘట్టాన్ని అధ్యయన బృందాలు తప్పక చదవాలి.

దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మీదకు ఆడవాళ్లు కదిలారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానా భరించలేకపోతోందంటూ 1997లో దానిని ఎత్తివేశారు.

ఈ రెండు ఘట్టాలకూ ఒకే గమ్యం రాసి, మిగిలిన గడులు నింపి చూడండి. 1954లో నిషేధం భారం తాడిచెట్టు ఎక్కే మనిషి మీద పడింది, అతని దృష్టిలో అది పెద్దమనుషుల ఆదర్శం. 1992లో నిషేధం లేకపోవడం భారం కూలి డబ్బు ఇంటికి చేరని ఆడమనిషి మీద ఉంది. ఆమె కోరినది సాయంత్రం పొయ్యి వెలగడం, అంతకంటే ఆచరణాత్మకమైన కోరిక ఉండదు. 1997లో బడ్జెట్ లెక్కలు చూపించి ఎత్తివేతను సమర్థించినవారు ఆచరణ పేరు చెప్పినప్పుడు, వారు ఖజానాకు ఏది సాధ్యమో చెప్పారు, ఆ ఇంటికి ఏది సాధ్యమో చెప్పలేదు. నిషేధం పెట్టాలా, వద్దా అన్న దానిమీద మా బృందంలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అయితే ఈ పద్ధతి తరువాత ఎవరూ ఆ ఆడవాళ్లను “ఆవేశపరులు” అనడం లేదు, గీత కార్మికుడిని “తాగుబోతుల పక్షం” అనడం కూడా మానేశారు.

తత్త్వవేత్తలను పనిలో పెట్టుకోవడం

పుస్తకాల నుంచి పేర్లు ఉటంకించి ఎదుటివారిని బెదిరించడం కంటే, ఒక్కో తత్త్వవేత్తను ఒక్కో గడికి పిలుచుకోవడం మంచిది. గమ్యానికి ప్లేటోను పిలవవచ్చు. అయితే తత్త్వజ్ఞులే పాలించాలన్న ఆయన, సిరక్యూజ్ రాజును దారిలో పెట్టబోయి భంగపడి, వృద్ధాప్యంలో చట్టాల మీద నడిచే రెండవ శ్రేణి రాజ్యం గురించి రాశారని కూడా చెప్పాలి. అత్యుత్తమ రాజ్యమేదో తెలుసుకోవాలి, ఉన్న పరిస్థితులలో వీలయ్యే మంచి రాజ్యమేదో కూడా తెలుసుకోవాలి అన్న అరిస్టాటిల్, శిష్యులతో కలిసి 158 రాజ్యాంగ వ్యవస్థల వివరాలు సేకరించారు. మార్గానికి మాకియవెల్లీ ఉన్నాడు. 1513లో రాసిన ‘ప్రిన్స్’ అనే తన చిన్న గ్రంథంలో, ఎలా ఉండాలో చూస్తూ ఎలా ఉన్నదో చూడనివాడు చెడిపోతాడని హెచ్చరించాడు. భారం గడికి 1919 జనవరిలో మ్యూనిక్ విద్యార్థులకు మాక్స్ వెబర్ ఇచ్చిన ఉపన్యాసం సరిపోతుంది. నమ్మినదాని కోసం నిలబడే నీతి ఒకటి, చేసిన పని పర్యవసానాలకు జవాబు చెప్పే నీతి మరొకటి అని వేరుచేసిన వెబర్, ఆ రెండూ కలిసినవాడే రాజకీయాలకు తగినవాడని ముగించాడు. ఆ ముగింపును వదిలేసి మొదటి సగాన్ని మాత్రం చెప్పేవారు ఎక్కువ.

ఇటీవలి చర్చలో జాన్ రాల్స్, అమర్త్య సేన్ ముఖ్యులు. సంపూర్ణ న్యాయం ఎలా ఉంటుందో ముందు తేల్చుకుంటేనే అన్యాయాలను సరిదిద్దడానికి దిశ దొరుకుతుందని 1971లో రాల్స్ వాదించారు. రెండు పరిస్థితులలో ఏది మేలో చెప్పడానికి పరిపూర్ణమైనది తెలియనక్కరలేదని 2009లో సేన్ జవాబిచ్చారు. మా బృందంలో ఇది ఎంత చెప్పినా ఎక్కని రోజున, మిర్చి యార్డుతో సంబంధం ఉన్న ఒక మిత్రుడు తేల్చేశారు. యార్డులో కొనుగోలుదారు ఒక టిక్కీ (మిర్చి బస్తా) నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు, రంగు చూస్తాడు, తొడిమ పట్టుకుని ఊపి గింజ గలగలమంటున్నదో లేదో వింటాడు, విరిచి తేమ చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో అంచనా వేస్తాడు. పక్క లాట్‌లోనూ అంతే చేసి, ఏది మేలో నిమిషంలో చెబుతాడు. ప్రపంచంలోకెల్లా మేలైన మిరపకాయ ఎలా ఉంటుందో అతనికి అక్కరలేదు. ఇది సేన్ పక్షం. “కానీ రైతు విత్తనం కొనేటప్పుడు?” అని ఆయనే మళ్లీ అడిగారు. ఏ రంగు, ఏ ఘాటు పండించాలని అనుకుంటున్నాడో తెలియకుండా తేజ రకం వేయాలో మరొకటి వేయాలో రైతు తేల్చుకోలేడు. అది రాల్స్ పక్షం. కోత అయిపోయిన సరుకును పోల్చే సమయమా, విత్తనం ఎంచుకునే సమయమా అన్నది ముందు చూసుకోవాలని మేము అప్పటినుంచీ చర్చ మొదట్లోనే అడుగుతున్నాము.

గడువు గడికి మన రాజ్యాంగాన్ని మించిన పాఠం లేదు. 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం పదేళ్లలోగా కృషి చేయాలని మొదటి 45వ అధికరణం చెప్పింది. ఆదేశిక సూత్రాలలో కాలపరిమితి ఉన్నది అదొక్కటే. ఆ పదేళ్లు 1960లో దాటిపోయాయి. అయినా అంకె రాసి ఉండటం వల్ల ఆలస్యాన్ని లెక్కపెట్టడం సాధ్యమయింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజుల తగాదాగా మొదలైన ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆ దాటిపోయిన గడువును ఎత్తిచూపి, 14 ఏళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు వచ్చాయి. యాభై ఏళ్ల ఆలస్యం సిగ్గుపడవలసినదే, కానీ మద్యనిషేధం గురించిన 47వ అధికరణానికి ఆలస్యమయిందని అనడానికి కూడా వీలులేదు, ఎందుకంటే దానికి తేదీయే లేదు.

రాజీ పడేటప్పుడు

సగం సగం పంచుకోవడమే ఆచరణ అన్న భ్రమ పెద్దమనుషుల పంచాయతీలలో ఎక్కువ. రాజీకి ఒక అడుగు గీత ఉండాలి, ఆ గీత ముందే గీసుకోవాలి. ధర్మరాజు సగం రాజ్యం నుంచి ఐదూళ్ల దాకా దిగాడు, దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వననడంతో ఎవరు తగ్గారో, ఎవరు తగ్గలేదో లోకానికి తెలిసిపోయింది. ఐదూళ్లకు కూడా కింద మరో మెట్టు ఉంటే అది రాయబారంగా మిగిలేది కాదు. రాజీ పత్రం మీద రెండు సంగతులు తప్పక రాయించుకోవాలి: దీనికంటే కిందికి రాము అన్న గీత, మళ్లీ ఎప్పుడు కూర్చుంటాము అన్న తేదీ. అభ్యాసానికి ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును తీసుకోవచ్చు. మద్రాసు నగరాన్ని వదులుకుంటే రాష్ట్రం ఇవ్వవచ్చునని 1949లోనే జె.వి.పి. కమిటీ (జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్యల కమిటీ) చెప్పింది, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది, 1953లో మద్రాసు లేకుండానే కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరుకు దక్కింది. గీత ఎక్కడ గీయవలసింది అన్నదాని మీద ఒక సాయంత్రం సరిపోదు.

ఇప్పటి ప్రశ్న మీద చేసి చూడటం

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల కాలనీలనూ ముంచింది. మైలవరం వైపు కొండలలో పుట్టి కొల్లేరులో కలిసే ఈ వాగుకు వెలగలేరు దగ్గర నుంచి కృష్ణలోకి మళ్లింపు కాలువ ఉన్నా, ఆ రోజులలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలోనే 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహిస్తున్నది. నీటి దారిలో కట్టిన ఇళ్లను ఏం చేయాలన్న ప్రశ్నను మేము తరువాత కాగితం మీదకు తెచ్చుకున్నాము.

గమ్యం తేలికగానే నిండింది: వాగు దారిలో ఎవరూ కాపురం ఉండవలసిన అగత్యం ఉండకూడదు. మార్గం దగ్గర క్రమబద్ధీకరణ, తరలింపు, కట్టల పటిష్ఠత, కాలువ వెడల్పు అని నలుగురు నాలుగు చెప్పారు. ఏళ్ల తరబడి “పేదవాళ్లు కదా, ఉండనివ్వండి” అన్న దయ ఆచరణవాదంగా చెలామణి అయిందనీ, దానికి కట్టవలసిన మొత్తం ఒకే వారంలో ఆ పేదవాళ్ల దగ్గరే వసూలయిందనీ నేను వాదించాను. నా వాదన నాకు బాగా నచ్చింది కూడా.

భారం గడి మేడ మీద కూర్చుని నింపదగినది కాదు కాబట్టి ఇద్దరం సింగ్‌నగర్ వెళ్లాము. మేము మాట్లాడిన ఇంట్లో నీటి చార గోడ మీద నా ఛాతీ ఎత్తున ఇంకా కనబడుతున్నది. ఆ ఇంటావిడ బియ్యం డబ్బానూ, కాగితాలు పెట్టుకున్న రేకు పెట్టెనూ అటక మీదకు మార్చేసింది. మిగతా సామాను ఎప్పటిలాగే కింద ఉంది. నగరంలో నాలుగు ఇళ్లలో పనిచేస్తుందట. ఊరి బయట ఇల్లు ఇస్తే వెళతారా అని అడిగాము. “ఖాళీ చేయమంటే చేస్తామన్నయ్యా, మునిగింది మేమే కదా. మరి అక్కడి నుంచి తెల్లారి ఆరింటికల్లా పనిలోకి ఎట్లా రావాలో కూడా మీరే చెప్పండి” అన్నది.

నాలుగవ గడిలో ఆ మాటను ఉన్నదున్నట్లు రాసుకున్నాము. దానిని రాశాక రెండవ గడిలోని తరలింపు పక్కన “బస్సు, ఎన్ని గంటలకు?” అని చేర్చవలసి వచ్చింది. మూడవ గడిలో తేదీ మాత్రం ఇంకా పడలేదు, వచ్చే నెల అక్కడి నుంచే మొదలుపెట్టాలి.